పాతబస్తీకి నేను ఏనుగులు పంచిన వైనం

ముందే చెబుతున్నాను, ఇది ఘోరమైన కథ. ఇందులో ఎవరూ చావరు, ఎవరి ఇల్లూ కాలదు. కానీ దబీర్‌పురా నుంచి సంతోష్‌నగర్ దాకా, బుద్ధిగా పన్ను కట్టుకునే అమాయకులను ఒక్క వానాకాలంలో జాగీర్దార్లను చేసి, తలా రెండు ఏనుగులు అంటగట్టిన మహానుభావుడెవరో మీకు తెలుస్తుంది. ఆ మహానుభావుణ్ణి నేనే. అప్పటికి వయసు తక్కువ, పొగరు ఎక్కువ.

ఆ పొగరు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఏనుగులు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు అంతుపట్టదు. మాది ఒకప్పటి దేశ్‌ముఖుల కుటుంబం. దేవిడీ అనే పెద్ద బంగళా, తోటలు, గుర్రపు బగ్గీ అన్నీ తాతల కాలంలోనే ఒక్కొక్కటిగా మా దగ్గర సెలవు తీసుకున్నాయి. నా వంతుకు మిగిలింది నిటారుగా ఉండే వెన్నెముక ఒక్కటే. దాన్ని ఎంత భద్రంగా చూసుకున్నానంటే, సిటీ బస్సులో సీటు దొరికినా వెనక్కి ఆనుకునేవాణ్ణి కాను. కిందపడ్డ పెన్ను తీయాలన్నా నడుం వంచకుండా, బావిలోకి చేద దించినట్టు మోకాళ్ల మీద నన్ను నేను కిందికి దించుకునేవాణ్ణి. అద్దెగదిలో ఉంటూ, సైకిలు మీద ఆఫీసుకు పోతూ, మొహం మాత్రం అంబారీ మీద పోతున్నట్టు పెట్టేవాణ్ణి.

ఆఫీసు దబీర్‌పురా స్టేషనుకు దగ్గర్లో, ఒక దర్జీ దుకాణం పైన. ఆడిటరు సుబ్రహ్మణ్యంగారు కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. నేను ఆయన దగ్గర అసిస్టెంటును. ఎండాకాలం పోతూనే క్లయింట్లు మెట్ల మీద బారులు తీరేవారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఇల్లు సొంతమా కిరాయా, బండి ఉందా, వేరే ఆదాయం ఏమైనా ఉందా అని అడిగి ప్రశ్నల కాగితం నింపడం నా పని. అడగడం నాకు ఇష్టమే, నిలబడి అడిగేవాణ్ణి. వాళ్లకే మెడలు నొప్పి పుట్టేవి.

అవి సందుసందునా నెట్ సెంటర్లు వెలుస్తున్న రోజులు. నేను కోచింగ్‌కు పోయి వెబ్ పేజీలు చేయడం నేర్చుకున్నానని ఆడిటరుగారికి తెలిసింది.

"దొరవారూ," అన్నారు. ఆయన నన్ను అలాగే పిలిచేవారు. వెక్కిరింతేనని లోకమంతటికీ తెలుసు, నాకు తప్ప. "ఆ ప్రశ్నలన్నీ నెట్‌లో పెట్టెయ్యి. ఎవరి వీధిలో వాళ్లు కూర్చుని నింపి పంపుతారు. మెట్ల మీద ఈ తిరునాళ్ల తప్పుతుంది. ఇది గట్టెక్కిందంటే బయట బోర్డు మీద నా పేరు కింద నీ పేరు రాయిస్తాను."

బోర్డు మీద పేరు! మా వంశం పేరు ఒక గోడ మీద కనబడి ఎన్నాళ్లయిందో! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా పూర్తి పేరు ఆ బోర్డులో పట్టేలా లేదు.

"జనానికి అలవాటు లేదు, ప్రతి ప్రశ్న దగ్గరా ఒక ఉదాహరణ ఇవ్వు," అని కూడా అన్నారాయన. ఇక్కడే చెడింది. మామూలు మనిషైతే "ఉదాహరణకు: కిరాయి ఇల్లు, స్కూటరు" అని రాసి ఊరుకునేవాడు. నా చెయ్యి అలాంటి మాటలు రాస్తుందా? నివాసం దగ్గర 'సొంత దేవిడీ' అని రాశాను. ఇతర ఆదాయం దగ్గర 'మామిడి తోటలు'. వాహనం దగ్గర వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత వాటంతట అవే 'ఏనుగులు రెండు' అని కొట్టాయి.

(మాకు నిజంగా ఏనుగులు ఉండేవా అని మా అమ్మను తర్వాత అడిగాను. "ఒక్కటేరా. అది గూడ మీ ముత్తాత పెండ్లికి అడుక్కొచ్చిన్రు," అంది.)

కోచింగ్‌లో నేను సగమే నేర్చుకున్నానన్న సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు. ఉదాహరణ అనేది గడి పక్కన ఉండాలి. నేను గడి లోపలే పెట్టాను, జవాబు ఉండాల్సిన చోట. తుడిచి వేరేది రాయకపోతే అదే జవాబుగా వెళ్లిపోతుంది. పోనీ, జనం తుడిచి రాసుకునేవారేమో! ఆ దారి కూడా నేనే మూసేశాను. పాత కాగితం ఫారాల పైన ఉండే గంభీరమైన వాక్యం ఒకటి నాకు చాలా ఇష్టం. అది లేని ఫారం తలపాగా లేని దొరలాగా ఉంటుందని, పేజీ నెత్తిన ఎర్ర అక్షరాలతో దాన్ని కూడా ఎక్కించాను: "కొట్టివేతలు, దిద్దుబాట్లు ఎంతమాత్రమూ చెల్లవు."

నా వివరాలతోనే పరీక్షించి చూశాను. ఉదాహరణలు తుడిచి, అద్దెగది, సైకిలు అని నిజం రాసి పంపాను. చక్కగా వెళ్లింది. ఇంకేం, అందరికీ కబురు పెట్టాం.

జవాబులు వానలా కురిశాయి. మెట్లు ఖాళీ. "చూసిన్రా సార్, ఒక్కలన్న మెట్లెక్కిన్రా?" అన్నాను, ఛాతీ విరుచుకుని.

కాగితాలన్నీ అచ్చు తీసిన రోజు ఆడిటరుగారు లోపలి నుంచి పిలిచారు. "దొరవారూ, ఒకసారి ఇలా దయచేయండి."

ఆయన నోట బహువచనం వచ్చిందంటే ఎవరికో మూడిందన్నమాట.

"ఈ యాదగిరి ఏం చేస్తాడు?"

"రైల్వేల ఫిట్టర్ సార్. కిషన్‌బాగ్‌ల కిరాయికి ఉంటడు."

"ఇక్కడ సొంత దేవిడీ అని ఉందే! మామిడి తోటలు కూడా ఉన్నాయట. ఏనుగులు రెండట. డ్యూటీకి ఏ ఏనుగు మీద వెళ్తాడు, పెద్దదాని మీదా, చిన్నదాని మీదా?"

"తమాషకు రాసిండేమో సార్."

"మరి అత్తరు సలీం? ఏనుగులు రెండు. సంతోష్‌నగర్ మేరీ టీచరు? ఏనుగులు రెండు." ఆయన కాగితాలు తిప్పుతున్నకొద్దీ గదిలో ఘీంకారాలు వినబడుతున్నట్టనిపించింది. "ఏనుగు బండి కిందికి వస్తుందా, పశువు కిందికి వస్తుందా అని పొద్దున్నుంచి చట్టం పుస్తకం తిరగేస్తున్నానయ్యా!"

మేరీ టీచరు మాత్రం చివరి గడిలో ఒక మాట రాసింది: "అబద్ధం చెప్పడం పాపం. దిద్దడం నిషేధం. ప్రార్థన చేసుకుని ఏ సంగతీ చెప్తాను."

అంతలో మెట్ల మీద చప్పుడు. యాదగిరి, వెనకాలే సలీం భాయ్.

"సార్, జర చెప్పుండ్రి," అన్నాడు యాదగిరి రొప్పుతూ. "ఏనుగులు నాయే అని పంపిన. ఇప్పుడు ఆఫీసరు ఎవలన్న చూడనీకి వస్తరా? మా ఇంటి ఓనరు కుక్కనే పెంచనిస్తలేడు!"

"నీది కిషన్‌బాగ్, కొంచెం జాగా ఉంటది," అన్నాడు సలీం భాయ్. "నా దుకాణంల నేను కూసుంటే గిరాకీ బయట నిలవడతడు. హాథీ కహాఁ బాంధూఁ, సాబ్? అత్తరు సీసల నడుమ కట్టెయ్యాల్నా?"

"అవి మీయి కావని తెల్వదా? తుడిచి మీది మీరు రాయొద్దా?" అని గద్దించాను.

"దిద్దొద్దని ఎర్రగ రాసింది ఎవలు సార్?" అన్నాడు యాదగిరి. "సార్ పెద్ద ఖాన్‌దాన్ మనిషి, సోంచాయించే రాసిండనుకున్నం. పన్ను తగ్గించే ఉపాయం ఏమన్న ఉండొచ్చు అనుకున్నం."

ఆడిటరుగారు చివరి కాగితం పైకెత్తి చూశారు. అది నాది. అద్దెగది, సైకిలు. ఆయన కళ్లజోడు తీసి, నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేశారు.

"దేశ్‌ముఖుల వంశమా! ఈ కట్ట మొత్తంలో ఏనుగు లేని దరిద్రుడివి నువ్వొక్కడివేనయ్యా!"

సలీం భాయ్ కుర్చీ పట్టుకుని నవ్వాడు. యాదగిరి నేల మీదే కూర్చున్నాడు. కింద దర్జీ మిషను ఆగిపోయింది. నేను మాత్రం నిటారుగా నిలబడ్డాను, ఊరేగింపు వెళ్లిపోయాక మిగిలిన జెండా కర్రలాగా.

నవ్వులయ్యాక ఆడిటరుగారు నెమ్మదిగా అన్నారు. "గడువు దగ్గరకొచ్చింది. ఇంటింటికీ వెళ్లి, క్షమించమని అడిగి, సరైన జవాబులు రాసుకురా. ఒక్క ఏనుగు మిగిలిపోయినా బోర్డు మీద పేరు మాట మరిచిపో."

క్షమించమని అడగడమా? అంతవరకు నేను ఆ మాట డిక్షనరీలో తప్ప చూడలేదు. అయినా బోర్డు కోసం సైకిలెక్కాను. మొదట యాదగిరి ఇల్లు.

"దర్వాజ కిందికుంటది, జర వంగుండ్రి సార్," అంది అతని భార్య లోపలి నుంచి.

నేను వంగడమా! చౌకట్టు నా నుదుటితో మాట్లాడిన చప్పుడు గల్లీ అంతా వినబడింది. కళ్ల ముందు చుక్కలు. ఆ చుక్కల్లోనే "మాఫ్ చెయ్యి, యాదగిరీ" అనే మాట నా నోట్లోంచి రాలిపడింది. ఆమె బొప్పికి పసుపు పెట్టి, చాయ్ ఇచ్చి, "ఏనుగులను కొంచవోతే కొంచవోండ్రి సార్, ఆ దేవిడీ ఒక్కటి ఉండనియ్యరాదుండ్రి?" అని నవ్వింది.

రెండో ఇంటికాడ గుమ్మం ఎత్తుగానే ఉన్నా వంగే వెళ్లాను. మూడో ఇంటికల్లా వంగడంలో ఒక సుఖం ఉందని తెలిసింది. నిటారుగా ఉన్నప్పుడు ఎవరూ చాయ్ ఇవ్వలేదు మరి! సలీం భాయ్ నా చొక్కాకు అత్తరు పూసి, "గిట్ల నవ్వి ఎన్ని దినాలాయె!" అన్నాడు. మేరీ టీచరు నా కోసం కూడా ప్రార్థన చేశానంది. గడువు లోపల ఏనుగులన్నీ వెనక్కి వచ్చేశాయి. ఒక్క రిటర్నులోనూ తొండం కనబడలేదు.

కథ మాత్రం బస్తీ అంతా తిరిగింది. ఎన్నడూ రానివాళ్లు కూడా కొత్తగా మెట్లెక్కసాగారు. "ఏనుగుల ఆఫీసు ఇదేనా?" అని అడగడం, నన్ను చూసి నవ్వడం, కూర్చుని ఫారం నింపడం. మెట్ల మీద తిరునాళ్ల రెండింతలైంది.

ఆడిటరుగారు మాట తప్పే మనిషి కాదు. ఒకరోజు పెయింటరును పిలిపించారు. బోర్డు పైకెత్తి బిగించాక నన్ను కిందికి తీసుకెళ్లి చూపించారు. పైన ఆయన పేరు. దాని కింద, నా పేరుండాల్సిన చోట, తొండం పైకెత్తి నిలబడ్డ ఒక బూడిదరంగు ఏనుగు.

"సార్, నా పేరు?"

"అదేనయ్యా నీ పేరు. నీ అసలు పేరు చెబితే ఈ గల్లీలో ఎవరికి తెలుసు?"

అందుచేత, మా వంశంలో పుట్టిన, పుట్టబోయే దేశ్‌ముఖులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికుండగా మళ్లీ ఏ ఫారంలోనూ ఉదాహరణ రాయను. తప్పనిసరై రాయాల్సి వస్తే గడి పక్కనే రాస్తాను, లోపల రాయను. అది కూడా ఒక్క ఏనుగే రాస్తాను, అడుక్కొచ్చినదని బ్రాకెట్లో పెట్టి మరీ.