మేకలు పండే దిక్కు

మిరుగుకు ముందు దినం, మంగళారం, పగటి మూడు గంటల పది నిమిషాలకు దేవరకొండల నందికొండ బస్సెక్కినం. పడమర మబ్బు నల్లగ కమ్ముకొస్తున్నది. తెల్లారితే మిరుగు, మృగశిర కార్తె, ఇంటింట చేపలు తినే దినం. మాకున్నది ఒక్కటే పడవ, అది కృష్ణ ఒడ్డున, నీళ్లలకు చొచ్చుకొచ్చిన గుట్ట కాడ ఉన్నది. గాలివానకు అది బండలకు తాకి పలిగితే మిరుగు బేరం పోయినట్టే.

"రోడ్డు దిక్కు కడ్దాం, జల్ది ఎల్లొచ్చు" అన్న నేను.

"గాడ గాలి కొడ్తది బావా, రేవు కాడ కడ్దాం" అన్నడు మా బామ్మర్ది సైదులు.

మా కొట్లాట ఇని ఎన్క సీట్ల గొంగడేసుకున్న ముసలాయన నవ్విండు. "మీ ఇద్దరికి నా మేకలకున్న తెల్వి లేదు."

"నీ మేకలు పడవ నడుపుతయా?" అన్న, కోపమొచ్చి.

"నడుపయి. గా గుట్ట మీదనే మేస్తయి, గాలొస్తే ఏడ పండాల్నో వాటికెర్క. గుట్ట చుట్టు తిరుగు. ఏ దిక్కు పెంటికలు కుప్పలున్నయో గా దిక్కు గాలి తగలదు."

బస్సు దిగి గుట్ట చుట్టు తిరిగినం. రోడ్డు దిక్కు ఒక్క పెంటిక లేదు. అవుతలి దిక్కు కాలు పెడితే పెంటికలల్ల మడిమ మునిగింది. గాడనే కట్టినం. గంటకే గాలి లేచి రేవు కాడి రేకులు ఎగిరిపోయినయి. మా పడవ ఉయ్యాల లెక్క ఊగింది, అంతే. రాత్రి గాలి తగ్గినంక వలేసి పట్టిన చేపలన్నీ మిరుగు నాడు పొద్దెక్కకముందే అమ్ముడైనయి.

ఇప్పటికీ పడవ కట్టే ముందు నేను వంగి నేల చూస్త. సైదులు నవ్వుతడు, నవ్వనీ.

ఆ దినం బస్సుల ఆ మాటలిన్నది నేను, సైదులు, టికెట్లు కొట్టుడు ఆపి నిలవడ్డ కండక్టరమ్మ పద్మ. చెప్పింది గొంగడాయన. ఆయన పేరు అడగలే, అడిగుంటే గీడ రాస్తుంటి.