మంట తగిలిన చెవితోలు

కొత్తగూడ చౌరస్తాలో మటన్ కొట్టు ఎల్లేశంతో వాదులాడి నెగ్గిన మనిషిని రుక్కమ్మ తన జన్మలో ఒక్కర్తినే చూసింది. ఆమె ఉమాశ్రీ. నరసాపురం నుంచి వచ్చిన బక్కపలచటి పిల్ల.

"మేక తలకాయ కాల్చకముందే చెవులు కోసివ్వండి. చెవులు చాలు," అంది.

"చెవుల్లేని తలకాయ ఎవడు కొంటడమ్మా? జర పక్కకు జరుగు."

ఉమాశ్రీ జరగలేదు. వెనక నిలబడ్డ ఆడవాళ్ల వైపు తిరిగింది. "మీ ఇళ్లల్లో చెవులు ఎవరు తింటారండి?"

"మా ముసలాయనకేస్తే కంచం పక్కకు పెడతడు," అందొకామె. కొట్టంతా నవ్వింది. ఎల్లేశం గొణుక్కుంటూ కత్తి అందుకున్నాడు.

ఉమాశ్రీ పనిచేసే మందుల ల్యాబులోనే రుక్కమ్మ గాజుసామాను కడిగేది. అందుకని మర్నాటి నుంచి చెవులు తెచ్చే పని ఆమె నెత్తిన పడింది. అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మాదాపూర్ గుట్టల్లో అద్దాల మేడల కోసం రాళ్లు పేలుస్తుంటే ల్యాబులో సీసాలు గలగలమనేవి.

ఉమాశ్రీ తల్లికి మోకాళ్ల వాపు. మింగిన మాత్రలు కడుపును పుండు చేసి, ఒకరోజు నెత్తురు కక్కించాయి. కడుపు జోలికి పోకుండా తోలులోంచే దిగే మందు చేయాలని ఆ పిల్ల పట్టు. మందు కలిపిన నూనెను నీళ్లలో ఎంత సన్నటి చుక్కలుగా చిదిపేదంటే, అది పాలలా తెల్లబడక తేటగా ఉండేది. దాన్ని నానో ఎమల్షన్ అనేవారు. రెండు గాజుగిన్నెల నడుమ చెవితోలు బిగించి, పైన మందు పోసి, కింది ఉప్పునీళ్లలోకి ఎంత దిగిందో గంటగంటకూ చూసేది.

రెండేళ్లు గడిచాయి. మంగళవారం ఈ పనికి డబ్బు పెట్టే బొంబాయి కంపెనీ వాళ్లు వస్తున్నారు. వాళ్లకు నచ్చితే పని సాగుతుంది, లేకపోతే మూతపడుతుందని పెద్దసారు రామబ్రహ్మం ముందే చెప్పేశాడు.

సోమవారం మూడో గంటకే మందు ఎన్నడూ లేనంత దిగింది. రామబ్రహ్మం చేతులు రుద్దుకున్నాడు. ఉమాశ్రీ మాత్రం పక్కగిన్నె వైపు చూస్తోంది. అందులో ఉన్నది పోల్చి చూడటానికి పోసిన, బజారులో దొరికే మామూలు జెల్లు. అదీ అంతే జోరుగా దిగింది.

"తోలనే గోడే కూలిపోతే దొంగ గొప్పతనమేముందండి?" అంటూ లేచి, కుళాయి దగ్గరికి వచ్చింది.

"మామ్మగారూ, ఈ చెవులు ఎలా తెచ్చారు?"

ఆ ల్యాబులో రుక్కమ్మను "గారూ" అని పిలిచే నోరు అదొక్కటే. ఎప్పటిలాగే అని ఒక్క మాట అంటే చాలు, ఎవరికీ తెలియదు. ఎల్లేశం చెప్పడు. రుక్కమ్మ కుళాయి కట్టేసింది.

"జర మంట మీద తిప్పించిన బిడ్డా. పొద్దుగాల్నే కత్తెర పట్టుకుని బొచ్చు కత్తిరిస్తుంటివి, నీ తిప్పలు చూడలేకపోయిన. బొచ్చే కాలింది, తోలు కాలలే. నలభై ఏండ్లు తలకాయలు వండినదాన్ని, నాకు తెల్వదా?"

"ఎప్పటినుంచి?"

"గురువారం సంది."

మంచి లెక్కలన్నీ గురువారం నుంచి వచ్చినవే. ఉమాశ్రీ బోర్లించిన బక్కెట్ మీద కూలబడింది.

రామబ్రహ్మం గుమ్మంలోంచి అంతా విన్నాడు. "రిపోర్టులో మేక చెవి అని రాశాం. మేక చెవే కదమ్మాయ్? రేపు గట్టెక్కనీ, పచ్చి తోలు మీద తర్వాత మళ్లీ చూసుకుందాం."

"తర్వాత ఇది మనుషుల మోకాళ్లకు రాస్తారండి. వాళ్ల తోలు కాల్చి రాయరు కదా?"

"నిజం చెప్పినా నమ్ముతారా? నీ తప్పు కప్పుకోవడానికి సీసాలు కడిగే ముసలిదాని మీద నెట్టావంటారు."

రుక్కమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి ఎప్పుడో ఆరిపోయినా. తప్పు నాదే అన్న మాట ఆమె అత్త ముందు అనలేదు, మొగుడి ముందు అనలేదు.

ఉమాశ్రీ లేచి ఆమె ఎదుట నిలబడింది.

"మామ్మగారూ, రేపు పదకొండింటికి బొంబాయి వాళ్లు కూర్చునే గదిలోకి నాతో రండి. చెవులు ఎందుకు కాల్పించారో, ఎలా కాల్పించారో వాళ్లకు మీ నోటితోనే చెప్పండి."