చేతులు మారిన బిడ్డ

మా పాపను ఎవరైనా ముద్దు చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బుగ్గ గిల్లినా, చేతిలో బిస్కెట్ పెట్టినా, వాళ్ళ మొహం ఒకటికి రెండుసార్లు చూస్తాను. "నీకు లోకమంతా దొంగలే" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. మూడేళ్ళ పిల్ల, ఎవరు పిలిచినా పోతుంది. దాని వంతు భయం కూడా నేనే పడాలి.

అయితే ఆ జాగ్రత్తలేవీ పల్లె బస్సులో సాగవు. అక్కడ నిలబడ్డ తల్లి చంకలో బిడ్డ ఉంటే, కూర్చున్నవాళ్ళు అడిగి మరీ ఒళ్ళోకి తీసుకుంటారు. ఇవ్వనంటే వాళ్ళను అవమానించినట్టే.

ఆ సాయంత్రం మా అక్కావాళ్ళింటికి పోదామని నెల్లూరులో మైపాడు బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు తీసేశాక ఆ బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. ఒక చేత్తో పాపను, ఒక చేత్తో పైనున్న కడ్డీని పట్టుకుని వెనకవైపు నిలబడ్డాను.

"బిడ్డ నలిగిపోతా ఉంది, ఇట్టా ఇయ్యమ్మా" అని ముందు సీట్లలోంచి ఒకామె చేతులు చాపింది. శుభ్రమైన నీలం చీర, ఒళ్ళో బ్యాగు, మొహం నిండా నవ్వు. నేను తటపటాయించేలోపే చుట్టూ ఉన్నవాళ్ళు పాపను అందుకుని, తలల మీదుగా ఆమె దాకా చేర్చేశారు. జనం సందులోంచి చూస్తే, ఆమె చాక్లెట్ కాగితం వలిచి పాప నోట్లో పెడుతోంది. వద్దని అరవబోయి, సిగ్గేసి ఊరుకున్నాను.

దారిలో ఇంకా జనం ఎక్కారు. ఎవరి భుజమో అడ్డమొచ్చి పాప కనబడకుండా పోయింది. పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. నా గొంతు వింటే ఎక్కడున్నా "ఆఁ" అనే పిల్ల! మళ్ళీ పిలిచాను. ఇంజన్ మోత తప్ప ఏమీ లేదు.

ఇందుకూరుపేటలో బస్సు ఆగింది. ముందు తలుపు దగ్గర ఏవో కేకలు వినిపించాయి. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, ఆ నీలం చీర అటు తిరిగి గబగబా సందులోకి నడిచిపోతోంది. చేతుల్లో ఏముందో కనబడలేదు.

"బస్సాపండి, నా బిడ్డ!" అని అరుస్తూ మనుషుల్ని తోసుకుని ముందుకు పడ్డాను. తిట్టేవాళ్ళు తిట్టారు. ఆమె కూర్చున్న సీటులో ఇంకెవరో ఉన్నారు. పక్కన కిటికీ దగ్గర, కాళ్ళ కింద ఖాళీ చేపల గంపతో ఒక అవ్వ కూర్చుని ఉంది. మా పాప ఆమె ఒళ్ళో ఉంది. కళ్ళు మూసుకుని, మూతి నిండా చాక్లెట్‌తో.

చేతులు చాపాను. అవ్వ పాపను కొంగులోకి లాక్కుంది.

"ఎవురమ్మే నువ్వు?"

"దాని అమ్మను. ఇటివ్వు."

"బిడ్డని లేపు. బిడ్డ చెప్పాల."

చెంప తట్టాను. కదలలేదు. ఆ చాక్లెట్‌లో ఏం కలిపిందో! పాప చెయ్యి పట్టి లాగబోతే అవ్వ నా మణికట్టు పట్టుకుంది. అందరూ నన్నే అనుమానంగా చూస్తున్నారు. ఎవరో ఫోన్ కూడా తీశారు. నేను ఏడుస్తూ పాపను కుదిపాను. అప్పటికి కళ్ళు విప్పి, "అమ్మా" అని నా మెడ చుట్టేసింది. అవ్వ నా చెయ్యి వదిలింది.

బిడ్డ చేతికి రాగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నా బిడ్డేనని చెప్తుంటే చెవిన పడదా నీకు?" అని అవ్వ మీద విరుచుకుపడ్డాను.

అవ్వ కోపం తెచ్చుకోలేదు.

"ఇందాక దిగినామె కూడా నా బిడ్డేననింది. బిడ్డ వెనక నుంచి రావడం నేను చూసినా. అందుకే ఎత్తుకపోతా ఉంటే లాక్కున్నా, ఇయ్యలా."