శంఖుపూల వోడ్కా

మా మేనత్త కూతురు నాకు నేర్పిన కాక్‌టెయిల్‌లో పడేవి నాలుగే. దానిమ్మ పాకం ముప్పై మిల్లీలీటర్లు, సంత్రా రసం తొంభై, శంఖుపూలు నానిన వోడ్కా నలభై ఐదు, గ్లాసు నిండా ఐసు. ఈ అంకెలు నావి. ఆమె ఏనాడూ కొలిచి పోయలేదు.

రెండేళ్ల కింద, ఎండలు ఇంకా ముదరకముందు, హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ పూర్తి చేసి ఆమె హనుమకొండ సుబేదారిలో వాళ్లమ్మ దగ్గరికి, అంటే మా అత్త ఇంటికి వచ్చింది. చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి గోవాలో, బార్ వెనుక నిలబడి డ్రింకులు కలిపేది. ఇంకొకటి హనుమకొండలోనే, ఒక హోటల్ రిసెప్షన్‌లో. పది రోజుల్లో జవాబు చెప్పాలి. నేను పక్క వీధిలో ఉండేవాణ్ని. కెమికల్ ఇంజినీరింగ్ చదివి నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఆమె వెళ్లకూడదని నా కోరిక. కానీ బావామరదళ్లమని చిన్నప్పటి నుంచి చుట్టాలంతా మమ్మల్ని ఆటపట్టించేవాళ్లు, మేమూ ఒకరినొకరం ఆటపట్టించుకునేవాళ్లం. ఇప్పుడు నిజంగా ఆ మాట అంటే అది కూడా పరాచికంలాగే వినిపిస్తుందని నా భయం.

ఆ పది రోజులూ ఆమె నా మీదే ప్రాక్టీసు చేసింది. గ్లాసులో అడుగున ఎరుపు, మధ్యలో సంత్రా రంగు, పైన నీలం, మూడూ విడివిడిగా నిలబడాలి. పై పొర కోసం నేను ఆన్‌లైన్‌లో నీలం సిరప్ తెప్పించాను. వోడ్కాలో కలిపి పోయగానే అది తిన్నగా కిందికి దిగి సంత్రా రసాన్ని ఆకుపచ్చగా మార్చేసింది.

"ఇంజినీరువు గదా బావా. చెక్కెర బరువుంటదని నేను జెప్పాల్నా?"

అది నాకు తెలుసు. డెన్సిటీ కొలవడం నాకు రోజూ ఉండే పని. ఆమె పక్కన నిలబడి చూస్తుంటే తెలిసినవి గుర్తొచ్చేవి కావు.

ఆమె గోడ దగ్గరికి వెళ్లి తీగ మీది నీలం శంఖుపూలు గుప్పెడు తెంపుకొచ్చి వోడ్కా సీసాలో వేసింది. అత్త వంటింట్లోంచి చూడనే చూసింది.

"దేవుని పూలు గదనే! శివునికి పెట్టేటియి సీసల ఏస్తానవా?"

"శివుడేమనడు తియ్యే అమ్మా. ఆయన మింగింది ఇంతకంటె నీలం."

అరగంటలో వోడ్కా సిరా రంగుకు తిరిగింది. పూలలో చక్కెర లేదు, కాబట్టి బరువు పెరగలేదు. ఆమె చెంచా బోర్లించి, దాని వీపు మీదుగా సన్నని ధారగా పోసింది. నీలం పైనే నిలబడింది. సంత్రా రసాన్ని తాకినచోట మాత్రం సన్నని ఊదా గీత ఏర్పడింది. పులుపు తగిలితే ఆ రంగు ఎందుకు మారుతుందో నేను చెప్పడం మొదలుపెట్టాను.

"ఒక్క నిమిషం సప్పుడు జేయకుండ సూడు బావా" అంది. 

చూశాను. గ్లాసును కాదు.

అంతలో అత్త వచ్చింది. మా ఇళ్లలో కల్లయినా సరే, చనిపోయిన పెద్దలకు నాలుగు చుక్కలు చల్లనిదే ఎవరూ నోట పెట్టరు. అత్త తన చూపుడువేలును గ్లాసులో అడుగుదాకా ముంచి, నేల మీద మూడుసార్లు చిలకరించింది. మూడు రంగులూ కలిసి బురదనీళ్లయ్యాయి.

"అమ్మా! గింత కష్టపడి జేస్తే!"

"పెద్దలకు ఇడువకుండ తాగుతరానే?" అని అత్త ఒక గుక్క తాగి మూతి తుడుచుకుంది. "షర్బతు లెక్కుంది. కల్లుకు సాటి రాదు. ఇంకింత పొయ్యి."

అంత గట్టిగా మేము ముగ్గురం కలిసి నవ్వడం మళ్లీ జరగలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె నన్ను డాబా మీదికి పిలిచింది. "ఏది జేయమంటవ్ బావా? నువ్వు చెప్పు" అని సూటిగానే అడిగింది. నేను జేబులోంచి కాగితం తీసి మధ్యలో గీత గీశాను. గోవా వైపు: నేర్చుకునేది ఎక్కువ, చదివిన చదువుకు తగిన పని, ఎదుగుదల, జీతం, కొత్త ఊరు. హనుమకొండ వైపు: సొంత ఇల్లు, అత్తకు తోడు. 

ఆమె రెండుసార్లు చదివింది.

"ఇంకేమన్న ఉందా?"

"లేదు. అన్నీ వచ్చినయ్."

"సరే మరి. పోతా."

కాజీపేట స్టేషన్‌లో బ్యాగు పైకి అందించింది నేనే.

అప్పటి నుంచి నెలకొక ఆదివారం ఒక్క గ్లాసు కలుపుతాను. పూలు అత్త ఇంటివే. పాకం ఎంత చిక్కబడాలో, రసాన్ని ఎందుకు వడగట్టాలో, వోడ్కాను ముందే ఎందుకు చల్లబరచాలో ఇప్పుడు నాకు తెలుసు. నా పొరలు ఆమె పొరల కంటే ఎక్కువసేపు నిలుస్తాయి. పోశాక చెంచా వీపును నాలుకతో తుడిచే అలవాటు ఆమెది. నేను చెంచా కడిగి పెడతాను. ఆ పనిలోనే ఆమె లేకపోవడం ఎక్కువగా తెలుస్తుంది.

పోయిన వారం పూలకోసం వెళ్తే అత్త కూర్చోబెట్టింది. ఆమెకు మరిపెడ నుంచి సంబంధం వచ్చిందట.

"నువ్వెట్లా నోరు ఇప్పకపోతివి. ఇగ బయటి సంబంధాలు సూడాలె గదా. నీకు మంచిగ రాసుడొస్తది కొడుకా, ఆ పిలగాని సంగతి జర కనుక్కొని, మంచీ చెడూ కాయితం మీద పెట్టియ్యి."

పూలు తెంపకుండానే ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం మూడు దాటింది. బార్ తెరిచే ముందు ఆమె నిమ్మకాయలు కోసుకునే వేళ. ఫోన్ చేశాను.

"ఏంది బావా, పనిల ఉన్న. నీలం మళ్ల దిగుతాందా?"

"లేదు, మంచిగనే ఉంటాంది. ఆ రోజు డాబా మీద నేనొకటి రాయలే."

"ఏంది?"

"నువ్వు పోవద్దని నాకుండె. అది రాయలే."

కత్తి చప్పుడు ఆగింది.

"పరాచికమా?"

"కాదు."



"గా ఒక్క ముక్కకు రెండేండ్లు పట్టిందా?" ఆ గొంతులో నవ్వు లేదు. కోపమో ఏడుపో నాకు తెలియలేదు. వెనుక నుంచి ఎవరో హిందీలో పిలిచారు. ఆమె అటు ఏదో జవాబిచ్చి, మళ్లీ ఫోన్‌లోకి వచ్చి, "పెట్టెయ్యకు. పని జేసుకొని అస్త" అంది.

ఫోన్‌ను బల్ల మీద పెట్టినట్టుంది. గ్లాసులో ఐసు పడుతోంది. ఎవరో నవ్వుతున్నారు, అది ఆమె కాదు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో గడియారం చూడలేదు.