మల్గీలో నిలబడి చూసిన ఆట

మా ముత్తాత ధాన్యం టోకు వర్తకుడు. ఆయన కొట్టు తెరిచి మొదటి బస్తాకు ధర పలికితే గాని చుట్టుపక్కల కొట్లలో బేరాలు మొదలయ్యేవి కావట. ఆయన కొడుకు, అంటే మా తాత, ఛత్రినాకలో పెద్ద లోగిలి ఉన్న దేవిడీ కట్టించి, వీధి వైపు గోడ పొడవునా మల్గీలు వేయించి దుకాణదారులకు కిరాయికిచ్చాడు. బోనాల ఊరేగింపులో ఘటం మా గుమ్మం ముందు ఆగి, మా నాయనమ్మ హారతి ఇచ్చాకనే ముందుకు కదిలేది. తాత కొడుకు మా నాయన. ఆయన ఏ వ్యాపారమూ చేయలేదు గాని వీధిలో అందరికీ సేఠ్ ఆయనే, ఎంత ఎండలోనైనా కోటు వేసుకోకుండా గడప దాటింది నేను చూడలేదు. ఆ తర్వాతివాణ్ణి నేను. ఇంత వంశావళి చెప్పుకొచ్చి చివరికి ఒక కంప్యూటర్ ఆట గురించి మాట్లాడబోతున్నానంటే నా ఈడువాళ్ళు నవ్వుకుంటారేమో, కానీ మొన్న వచ్చిన ఫోను సరిగ్గా దాని గురించే.

ఫోను చేసింది మా మునీంగారి కొడుకు. మునీంగారు తాత కాలం నుంచీ మా ఇంటి లెక్కలు చూసిన మనిషి, ఆయన కొడుకు నా ఈడువాడే, ఇప్పుడు సంతోష్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. ఏడాదికొకసారి పండగకు పలకరించడం తప్ప మా మధ్య పెద్దగా మాటలు లేవు.

"సేఠ్, గా గేమ్ యాదికున్నదా? గుర్రమెక్కి కొండలల్ల తిరుగుతుండె చూడు, గది. సస్తల దొరికింది, నీ కోసం తీసుకున్న. ఐతారం మీ ఇంటికొచ్చి నేనే ఎక్కిస్త. ఈసారి గూడ బహానా చెప్తే మాత్రం మల్ల అడగ, చెప్తున్న."

నవ్వుతూనే అన్నాడు గాని ఆ చివరి మాటలో నవ్వు లేదు. అంతకుముందు రెండు మూడుసార్లు పిలిచాడు, ప్రతిసారీ ఏదో ఒక పని చెప్పి తప్పించుకున్నాను. ఈసారి కాదంటే ఇక ఆ గొంతు వినబడదని నాకు తెలుస్తూనే ఉంది. అవునంటే, దేవిడీ వదిలాక మేము మాదన్నపేటలో ఉంటున్న ఈ రెండు గదుల ఇంటికి అతను మెట్లెక్కి వస్తాడు, మా వంటగదిలోంచి కూరగాయల మార్కెట్ లొల్లి వింటాడు, అన్నీ చూస్తాడు. ఇంతవరకూ ఆ అవసరం రానివ్వకుండా గడుపుకొచ్చాను. ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను.

ఆ ఆట మన కాలంవాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పటి ఆటల్లా ఒక దారి పట్టుకుని పరుగెత్తడం కాదు. కత్తులూ మంత్రాలూ ఉన్న ఒక పెద్ద దేశం ముందు పరిచి, నీ ఇష్టం వచ్చిన వైపు పో అని వదిలేస్తుంది. మునీంగారి కొడుకు మా దేవిడీ మల్గీల్లో మూలదానిలో ఇంటర్‌నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో అది వచ్చింది. సెంటర్‌లోని కంప్యూటర్లలో ఒక్కటే దాన్ని మోయగలిగేది. అతను ఆ కుర్చీలో కూర్చుంటే వీధిలోని కుర్రాళ్ళందరూ వెనక గుంపుగా చేరి, అటు పో భాయ్, ఇటు పో భాయ్, ఆ దయ్యాన్ని వదలకు అని అరుస్తుండేవారు. ఆ గుంపులో నేనూ ఉండేవాణ్ణి, కానీ కొంచెం పక్కకు, గోడకు ఆనుకోకుండా నిలబడి చూసేవాణ్ణి.

కూర్చోకపోవడానికి కారణం ఉంది. మల్గీలోకి మా ఇంటివాళ్ళు ఎవరు వెళ్ళినా కిరాయిదారు లేచి కుర్చీ చూపించాలి, మేము అక్కర్లేదనాలి. మాలిక్ కూర్చుంటే దుకాణదారు నిలబడాలి, అతను నిలబడితే గిరాకీ చెడుతుంది, అందుకని మనం కూర్చోకూడదని తాత పెట్టిన పద్ధతి అది. అందులో మర్యాద ఉంది, దర్జా కూడా ఉంది. మునీంగారి కొడుకు రోజూ లేచి కుర్చీ చూపించేవాడు.

"కూసో చిన్న సేఠ్, ఒక్కపారి ఆడి చూడు."

నేను రోజూ వద్దనేవాణ్ణి. నా వేళ్ళు ఎంత లాగినా వద్దనేవాణ్ణి. పైగా ఒకరోజు అతను బయట బోర్డు కోసం గోడకు మేకులు కొడుతుంటే, కుర్రాళ్ళందరూ వింటుండగా, గోడ ముట్టేముందు మా నాయనను అడగాలి కదా అన్నాను. అతను సుత్తి దించి, "గట్లనే సేఠ్, అడుగుత" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అతని మీదే అనుకున్నాను.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం నాయన అక్కడికి వచ్చారు. తెర మీద ఇతగాడి మనిషి గుహ ముఖం దగ్గర కాగడా పట్టుకుని ఉన్నాడు, అందరమూ ఊపిరి బిగబట్టి ఉన్నాము. గుమ్మంలో వెలుతురు తగ్గినట్లయి తిరిగి చూస్తే కోటు వేసుకుని నాయన. గుంపు పక్కకు జరిగింది. నాయన లోపలికి రాలేదు. గడపకు అవతలే ఆగి, లోపలికి రావచ్చునా అని అడిగారు.

తన మల్గీలోకి రావడానికి ఆయన అడగడం నాకు అర్థం కాలేదు. మునీంగారి కొడుకు పరుగెత్తుకెళ్ళి, "అయ్యో, అడుగుడేంది పెద్ద సేఠ్, రాండ్రి, కూసోండ్రి" అంటూ కుర్చీ తుడిచి వేశాడు. నాయన వచ్చారు. వచ్చి, ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఆయన కూర్చున్నారు. వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉంచుకుని, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా కూర్చున్నారు. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది, నా చెవులు వేడెక్కిపోయాయి. నాయన నా వైపు చూడకుండానే అన్నారు.

"నువ్వు గూడ కూసో బిడ్డా. ఆడాలనుంటే పైసలిచ్చి ఆడు. గీ మల్గీ మునీంగారు కొనుక్కున్నరు."

మునీంగారి కొడుకు తలవంచుకుని మౌస్ వైరు సరిచేస్తున్నాడు. పెద్ద సేఠ్ తన నోటితో చెప్పేదాకా చిన్న సేఠ్‌కు నువ్వు చెప్పొద్దని వాళ్ళ నాయన అతనికి గట్టిగా చెప్పి ఉంచాడని తర్వాత తెలిసింది. మేకులు కొట్టిన నాటికి ఆ గోడ అతనిదే. గుంపులో ఆ సంగతి తెలియనిది నాకొక్కడికే. నేను కూర్చోలేదు, బయటికి నడిచాను, మళ్ళీ ఆ మల్గీ గడప తొక్కలేదు. ఆ గుహలో ఏముందో కూడా నాకు తెలియదు.

ఫోను వచ్చినప్పటి నుంచీ ఆ ఆట ఇప్పుడు మొదలుపెట్టడం తగునా అని లోకమంతా ఏమంటున్నదో చదువుతూ కూర్చున్నాను. ముఖాలు మైనపు బొమ్మల్లా ఉంటాయట, నడక కొయ్యగుర్రంలా ఉంటుందట, కొత్తవాటికి అలవాటుపడిన చేతికి విసుగొస్తుందట. కొందరేమో అంత తీరుబడి ఉన్న ఆట మళ్ళీ రాలేదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు. నేను మొదటి రకం మాటలనే వెతికి వెతికి చదివాను. చదివింది భార్యకు వినిపించి, అంత పాత ఆట ఇప్పుడెవరు ఆడతారు, వద్దని చెప్పేస్తానన్నాను. ఆమె చిక్కుడుకాయలు వలుస్తూ, "ఆట పాతదనా, ఇల్లు చిన్నదనా? ఏదో ఒకటి చెప్పుండ్రి" అన్నది. నేను లేచి వెళ్ళి అతనికి రమ్మని ఫోను చేశాను. కోపంతో చేశానని ఒప్పుకోవాలి.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే లేచి తలుపు తీశాను. అతను వచ్చాడు, చెప్పులు విడిచాడు, గోడలనూ కప్పునూ చూస్తాడేమోనని నేను అతని కళ్ళనే చూస్తున్నాను. అతను నేరుగా కంప్యూటర్ కిందికి వంగి, "గింత దుమ్మేంది సేఠ్, గిది ఊపిరెట్ల తీస్కుంటది?" అన్నాడు. తర్వాత ఎవరూ చెప్పకముందే మంచం అంచున కూర్చున్నాడు. కుర్చీ నాకు మిగిలింది.

ఆట మొదలయ్యేసరికి నేను ఖైదీని. ఒంటిమీద చిరుగు బట్టలు, కాపలావాడు మాట్లాడే తీరులో మన్నన లేదు. పేరు అడిగితే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు కొట్టాను. అతను నవ్వు ఆపుకున్నాడు. చెర నుంచి బయటపడే దారిలో కనబడిందల్లా తెర మీది నావాడి చేత ఎత్తించాను. తుప్పు కత్తులు, తోలు చెప్పులు, సొట్టపోయిన గిన్నెలు. కాసేపటికి నావాడు పరుగెత్తడం మానేశాడు. ఆ తర్వాత పెళ్ళినడక నడిచాడు.

"బరువెక్కువైంది. ఊళ్ళె దుకాణముంటది, అమ్మెయ్యి."

"అమ్మను" అన్నాను.

"గా గిన్నెలేం జేస్తవ్ సేఠ్?"

"ఉండనీ. దొరికినయి, నాయే."

ఊరిదాకా అలాగే ఈడ్చుకెళ్ళాను. వాకిలి దగ్గర ఒక తోడేలు వచ్చి కరుస్తుంటే తప్పుకోలేక నిలబడ్డాను. అతను మంచం మీద దొర్లి నవ్వాడు. నవ్వుతూనే, "అమ్ముడంటే గంత షరమా సేఠ్ మీకు?" అనేశాడు.

అన్న వెంటనే నాలుక కరుచుకున్నాడు. వంటగదిలో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. తెర మీద నావాడి రక్తం తగ్గిపోతూ ఉంది, నా చేయి కదలలేదు. లేచి వెళ్ళిపోవాలనిపించింది, కానీ ఈసారి ఇల్లు నాది, వెళ్ళడానికి ఎక్కడా లేదు. అతను కూడా లేవలేదు. తలవంచుకుని, మెల్లగా, "తోడేలు సంపుతది, దుకాణంలకు ఉరుకు" అన్నాడు.

ఉరకలేనుగా, నడిచాను. చావుతప్పి దుకాణంలో పడ్డాను. గిన్నెలు, చెప్పులు, కత్తులు ఒక్కొక్కటే ఆ దుకాణదారు ముందు పెట్టాను. ఎవరివి, ఎందుకు అమ్ముతున్నావు అని అతను అడగలేదు. బయటికి వచ్చేసరికి నావాడు పరుగెత్తాడు. కొండ మీదికి ఎక్కించి చూస్తే కింద ఆ దేశమంతా ఉంది, నదులతో, పొగమంచుతో, మైనపు ముఖాల మనుషులతో. "అటు పో భాయ్" అన్నాడతను, నా జన్మలో మొదటిసారి నన్ను సేఠ్ అనకుండా. దీపాలు పెట్టేవేళ దాకా ఆడుతూనే ఉన్నాము.

ఇప్పుడు ఎవరి తెర వాళ్ళది, చెవుల్లో ఎవరి పాట వాళ్ళది. కుర్చీ వెనక గుంపు లేదు, తప్పు దారి పడితే అరిచేవాడు లేడు. నేను ఆ గుంపులో ఉన్న రోజుల్లో దానికి పక్కగా నిలబడ్డాను, ఇప్పుడు కూర్చుందామంటే ఆ గుంపులో ఒక్కడే మిగిలాడు. వాడు వచ్చే ఆదివారం కూడా వస్తానన్నాడు. ఆ రోజు మల్గీలో నాయన ఎందుకు కూర్చున్నారో తలుచుకుని చాలా ఏళ్ళు ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఆయన తన జీవితంలో అమ్మింది ఆ ఒక్క మల్గీనే. తక్కిన మల్గీలనూ, దేవిడీనీ, దాని టేకు తలుపులనూ అమ్మింది నేను.