బియ్యం అమ్మి దీపాలు పెట్టిన క్రిస్మసు

మా పుట్టింటి ఊరి చర్చిలో ఈ ఏడు పిడికెడు బియ్యం మాన్పించేశారన్న కబురు నాకు మొదట చెప్పింది మా తమ్ముడి భార్య. మొన్న ఆదివారం ఆరాధన అయ్యి ఏలూరులో మా ఇంటి తాళం తీస్తూ ఉండగానే ఫోను మోగింది. "ఇంటింటికీ తిరిగి బియ్యం ఎత్తే ఓపిక ఎవరికుందండీ వదినగారూ. ఈసారి క్రిస్మసు భోజనాలు తాడేపల్లిగూడెం నుంచి క్యాటరింగు వాళ్ళే తెస్తారు, చందా ఇచ్చిన ఇళ్ళకి పాసులు కూడా పంచేశారు" అని సంతోషంగానే చెప్పింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, తను కోడలిగా వచ్చేనాటికే చాలా సంగతులు మరుగున పడిపోయాయి. మంచిదమ్మా అని ఫోను పెట్టేశాను గానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు.

సంఘాల్లో పెరిగిన నా ఈడువాళ్ళకి పిడికెడు బియ్యం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేది, ఆ కుండ దేవుడిది. శనివారం ఎవరైనా బుట్ట పట్టుకుని వస్తే అందులో పోసేది. మామూలు రోజుల్లో ఆ బియ్యం పాస్టరుగారి కుటుంబానికి వెళ్ళేవి, వానలు వెనకపట్టినప్పటి నుంచి పోగైనవి మాత్రం క్రిస్మసునాడు వండేవారు. చర్చి ముందు చాపలు పరిచి, కొల్లేటి తామరాకుల్లో అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు. కొత్త బట్టలు ఉన్నవాళ్ళు కట్టుకునేవారు, లేనివాళ్ళు ఉతికినవి కట్టుకునేవారు. అందరి పిడికెడూ అందులో కలిసిందే కనుక ఆ బంతిలో పెట్టేవాళ్ళు, తినేవాళ్ళు అని రెండు రకాల మనుషులు ఉండేవారు కారు.

మా ఊళ్ళో ఆ బుట్ట నాది. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పటి జ్వరంతో ఒక కాలు సన్నబడితే, వానాకాలం దోనె మీద బడికి పంపడం ఎందుకని నాన్నగారే బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించారు. అందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెబుతాను. నా చేతిరాత బాగుంటుందని సంఘం పుస్తకంలో రాసే పని కూడా నాకే వచ్చింది. దాని గురించి తర్వాత చెబుతాను.

ఊరి చివర గట్టు మీద గుడిసెలో నాన్నగారి మేనత్త ఉండేది, నేను మామ్మ అనేదాన్ని. భర్త చిన్నతనంలోనే పోయాడు, పిల్లలు లేరు. కొల్లేట్లో తుంగ కోసుకొచ్చి చాపలు అల్లేది, చాపలు అమ్ముడుపోని రోజుల్లో ఎవరి వాకిలో ఊడ్చేది. ఊరికే ఇస్తే మా ఇంట్లో కూడా మెతుకు ముట్టేది కాదు. నేను బుట్టతో కుంటుకుంటూ వెళితే, "అదుగో, దేవుడి తాసీల్దారు వస్తోంది" అని ఆటపట్టించేది. క్రిస్మసు బంతిలో మాత్రం ముందే వచ్చి కూర్చునేది, పక్కన ఏ పెద్దింటి ఇల్లాలున్నా జరిగేది కాదు. "ఏడాదికి ఈ ఒక్కపూటే నేను చుట్టాన్ని అమ్మాయ్, మిగతా రోజులన్నీ పనిమనిషినే" అనేది.

నాకు పంతొమ్మిదేళ్ళ వయసులో మా వైపు చేపల చెరువులు తవ్వడం మొదలైంది. గట్లు లేచిన చోట తుంగ పోయింది, తుంగతోపాటు మామ్మ చాపలూ పోయాయి. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే పక్కూరి చర్చికి అంతకు ముందు క్రిస్మసుకి రంగు దీపాలు, మైకు సెట్టు పెట్టారు. మనమేం తక్కువ తిన్నామని మా ఊరివాళ్ళకి పట్టుదల వచ్చింది. సంఘ పెద్దలు కూర్చుని, పోగైన బియ్యం అమ్మి దీపాలు తెప్పిద్దాం, భోజనం ఎవరింట్లో వాళ్ళు చేద్దాం అన్నారు. పాస్టరుగారు ఒకసారి వద్దన్నారు, రెండోసారి అనలేదు. ఆ తీర్మానం పుస్తకంలో రాసింది నేనే. అయిష్టంగా రాశానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఎంతో ముచ్చటపడి, గుండ్రంగా రాశాను.

ఆ శనివారం మామ్మ గుడిసెకి వెళితే, "ఈ ఏడు బంతి లేదంటగా?" అంది.

"లేదు మామ్మా. దీపాలు పెడుతున్నాం, రంగురంగులవి. ఏలూరు నుంచి వస్తున్నాయి."

"మంచిదే. పట్టపగలు నీ మొహమే ఆనట్లేదు ఈ కళ్ళకి, దీపాలేం ఆనతాయిలే" అని నవ్వి, కుండలోవి బుట్టలో పోసింది. తర్వాత రెండు శనివారాలు నేను బియ్యానికి వెళ్ళలేదు. రంగు కాగితాలు కత్తిరించే పనిలో ఉన్నాను.

క్రిస్మసు ఆరాధనకి మామ్మ రాలేదు. మైకు హోరులో ఎవరూ గమనించలేదు, మా అమ్మ తప్ప. మధ్యాహ్నం అమ్మ గిన్నెలో అన్నం, పులుసు పెట్టి నన్ను పంపింది. వెళ్ళేసరికి మామ్మ చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది, ఒళ్ళు కాలిపోతోంది. పొయ్యిలో బూడిద కూడా లేదు. తన బియ్యం కుండ ఖాళీగా బోర్లించి ఉంది. పక్కన దేవుడి కుండ మీద గుడ్డ తీసి చూస్తే, నేను ఎత్తుకెళ్ళని పిడికెళ్ళన్నీ అలాగే ఉన్నాయి.

ఇవి వండుకోవచ్చుగా మామ్మా అని ఏడ్చాను. "బాగుందే నువ్వు చెప్పేది. సంఘం బియ్యం నేను తినేస్తే, వచ్చే ఏడు బంతి పెట్టినప్పుడు ఏ మొహంతో కూర్చోను?" అంది. అమ్మ పంపిన అన్నం కలిపి పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "రేపొచ్చి వాకిలి ఊడుస్తానని మీ అమ్మతో చెప్పు. అయితే తింటాను." చెబుతానన్నాను. నాలుగు ముద్దలు తింది. ఆ నాలుగు ముద్దలు నా చేత్తో పెట్టనిచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పుకోని రోజు లేదు.

ఊడవడానికి రాలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినా జ్వరం తగ్గలేదు, కొత్త సంవత్సరం ఆరాధన అయిన మూడోరోజు పోయింది. దీపాలింకా విప్పలేదు, శవపెట్టెను వాటి కిందనుంచే మోసుకెళ్ళారు. ఆ కుండలో బియ్యం ఏం చెయ్యాలో ఎవరికీ తోచకపోతే, సమాధికి వచ్చినవాళ్ళకి వండి పెట్టమన్నారు పాస్టరుగారు. చాలక అమ్మ మరికొన్ని కలిపింది. ఆ ఏడు చర్చి ముందు బంతి సాగింది అదొక్కసారే. నేను ఆకు ముందు కూర్చుని లేచి వచ్చేశాను.

మరుసటి ఏడు ఊళ్ళో బంతి మళ్ళీ మొదలైంది గానీ, అప్పటినుంచీ నేనున్న ఇంట్లో క్రిస్మసుకి దీపాలు లేవు, బజారు సంచులు లేవు. కూరలు రెండు దాటవు, తినేటప్పుడు ఇంటి పనికి వచ్చే అమ్మాయి కూడా మా పక్కనే కూర్చుంటుంది. "మా అత్తయ్యగారికి క్రిస్మసు కూడా శ్రమదినాల ఉపవాసాల్లో కలిసిపోయిందండీ" అని కోడలు పక్కింటివాళ్ళతో అంటే నవ్వుతాను. పిల్లలు చిన్నబుచ్చుకుంటే బాధగానే ఉంటుంది, అయినా మార్చుకోలేకపోయాను.

ఆ రోజులు మంచివని నేను అనను. తిండి లేక మనిషి పోయిన రోజులవి. ఇప్పుడు మా ఊళ్ళో అంత ఆకలి లేదు, అందుకు స్తోత్రం. కాకపోతే, ఏమీ లేనివాళ్ళు కూడా ఇచ్చి కూర్చునే చోటు ఒకటి ఉండేది. దాన్ని మొదట తీసేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా మామ్మకి కడుపున పుట్టినవాళ్ళు లేరు, ఆవిడను దగ్గరగా ఎరిగినవాళ్ళలో మిగిలింది బహుశా నేనొక్కదాన్నే. ఈ క్రిస్మసుకి మీరు ఎక్కడ భోజనానికి కూర్చున్నా సరే, ఆవిడను ఒక్కసారి తలచుకోండి.