రికార్డులో ఎక్కని ‘నా’

కూకో. ఆ ఫోను అలగ తిప్పడం ఆపి సరిగ్గా కూకో, సరిగ్గా ఇను. సగం ఇని మిగతా సగం నీ సొంతంగా రాసేస్తావు, నీ సంగతి నాకు తెలీదేటి? తెలుగచ్చరాలు రాకపోతే బెంగాలీ అచ్చరాల్లోనే రాసుకో. మాట మనదైతే సాలు. నాను ఎలగ సెప్పితే అలగే పెట్టు, సదువుకున్నోల్ల భాషలోకి మార్చీకు.

నీ కాలేజీలో ఎవత్తో అన్నాదంట కదా, మీ మామ్మ పార్లమెంటులో గలాటా సేసి అరెస్టయిపోనాదని. నిన్న మొహం ఇంత సేసుకుని వొచ్చినావు. గలాటా లేదు, అరెస్టూ లేదు. ఆల్లడిగినారు, నాను సెప్పినాను. జరిగిందంతే. ఆ మాట రికార్డులో ఎక్కించొద్దని సభ నడిపే పెద్దాయన అక్కడే సెప్పేసినాడంట. ఆయనెక్కించకపోతే నువ్వెక్కించు.

ముందు ఎందుకెల్లినామో రాయి. మనం ఉంటన్న ఈ క్వార్టరు డాకు వోల్లది, అదే, ఓడల రేవు వోల్లది. మీ తాత కలాసీగా సేరినప్పుడిచ్చినారు. నన్ను పెల్లి సేసుకుని సిక్కోలు నుంచి కలకత్తాలో ఈ ఖిదిర్‌పూర్ తెచ్చి, ఈ గదిలోనే దింపినాడు. డూటీ నుంచొచ్చి ఆ గోడకే తల ఆన్చి కూకునేవోడు. అదిగో, సూడు, ఆ నూనె మరక. ఎన్నిసార్లు సున్నమేసినా మల్లీ పైకొస్తాది. మీ తాత పోనాడు గానీ మరక పోలేదు. అలాటి గదిని కాలీ సెయ్యమంటన్నారు. రేవు జాగాల మీద కొత్త చట్టం వొస్తందని, అదొస్తే ఈ పాత క్వార్టర్ల లైన్లన్నీ తీసేయొచ్చని యూనియన్ లీడరు దాదా సెప్పినాడు. పల్లు తోముకుంటా కూడా ఉపన్యాసం సెప్తాడు సూడు, ఆయనే. ఆయనే మన ఎంపీ దగ్గర రెండు పాసులు సంపాదించి, పిన్నమ్మా అన్నట్టు “మాషీమా, మీ బిల్లు మీ కల్లతో మీరే సూసి రండి” అన్నాడు. నాకొకటి, ఎదురింటి అప్పకొకటి.

అప్ప సంగతి నీకు తెలుసు కదా, బొద్దింకని సూసినా దండం పెట్టీ రకం. “ఢిల్లీలో మనకేటి పనే? మనల్ని అక్కడే కూకోబెట్టేస్తారేమో” అని రైలంతా సణుగుతానే ఉన్నాది. కూకోబెట్టినారు. ఆ ముక్క తరవాతొస్తాది.

లోపలికెల్లే ముందు ఫోను తీసేసుకున్నారు, సంచీ తీసేసుకున్నారు. అప్ప కొంగున ముడేసుకున్న వక్కముక్క కూడా తీసేసుకున్నారు. “పార్లమెంటుని వక్కతో కొడతానేటి బాబూ?” అన్నాది అప్ప, తెలుగులోనే. మమ్మల్ని మేడ మీద బెంచీల్లో కూకోబెట్టి ఒకాయన వొరసగా సెప్పుకొచ్చినాడు. నవ్వకూడదు, మాటాడకూడదు, సప్పట్లు కొట్టకూడదు, కాలు మీద కాలేసుకోకూడదు, ముందుకి వొంగి సూడకూడదు. సావింట్లో కూడా ఇంతకంటే నయమే, అక్కడ ఏడవనిస్తారు.

కిందేమో పచ్చ తివాసీ, మెత్తటి బెంచీలు. పెద్ద కుర్చీలో పెద్దాయన కూకుని “బైఠ్ జాయియే, బైఠ్ జాయియే” అని అంటానే ఉన్నాడు. ఒక్కడు కూకుంటే ఒట్టు. నిన్ను నాను ఒక్కసారన్నాను కూకో అని. కూకున్నావా లేదా? ఆయన మైకులో అన్నా ఇనరు. ఒకడు కాయితాలూపుతాడు, ఒకడు ఏలు సూపిస్తాడు, ఒకడు నిద్దరోతాడు. అప్ప నా సెవిలో, “మన కుళాయి కాడ ఇంతకంటే పద్ధతిగా ఉంటాదే” అన్నాది. ఎనకనుంచి కాపలా మనిసి “ష్” అన్నాడు. అప్ప ఆడికీ దండం పెట్టేసినాది.

అప్పుడు మన బిల్లొచ్చినాది. మంత్రి ఏదో సదివినాడు. దేశం బాగు అన్నాడు, ఓడలన్నాడు, పెట్టుబడులన్నాడు. ఓడల్లోంచి మూటలు మోసినోడు ఎక్కడుంటాడో అనలేదు. తరవాత మన ఎంపీ లేచినాడు. లేచి “ఖిదిర్‌పూర్” అన్నాడు. ఓలమ్మా, నా వొల్లు జలదరించిందే! అంత పెద్ద మేడలో మన బస్టాపు పేరు! అప్ప నా సెయ్యి పట్టుకుని నొక్కేసినాది. సరిగ్గా అక్కడే గంట కొట్టేసినారు. టైమైపోయిందంట. ఆయనరిసినాడు, అవతలోల్లరిసినారు, ఈ పక్కోల్లంతా లేచి కాయితాలు సింపేసి బిలబిలమని బయటికెల్లిపోయినారు. వాకౌటంట. మన తరపున మాటాడ్డానికెల్లినోడు మన తరపున బయటికెల్లిపోనాడు. బయటికెల్లి ఏటి సేస్తారే? బయట మేం ఉన్నాం కదా సాలినంతమంది.

ఇక్కడ ఒక్క ముక్క ఆపి నా కుళాయి కత రాయి. లేకపోతే తరవాతది అరదం కాదు.

నాను కొత్తగా కలకత్తా వొచ్చిన రోజుల్లో కుళాయి కాడ నా బకెట్టు పెట్టినాను. ఒక బెంగాలీ ఆవిడొచ్చి బకెట్టు పట్టుకుని “నా! నా!” అన్నాది. ఇదేటే, నా బకెట్టు పట్టుకుని నాదంటాది! నానూ లాగి “నా! నా!” అన్నాను. ఆవిడ నా అంటాది, నాను నా అంటాను. ఇద్దరం ఒకటే మాట, బకెట్టు మాత్రం అటూ ఇటూ. కలాసీలంతా డూటీ మానేసి సూసినారు. సివరికి మీ తాతొచ్చి, పొట్ట పట్టుకుని నవ్వి, “ఆవిడ వొద్దంటందే, లైను తప్పినావని. బెంగాలీలో నా అంటే వొద్దు, కాదు అని” సెప్పినాడు. “మరి ఆవిడకి సెప్పు, మనకి నా అంటే నాది అని” అన్నాను. మీ తాత ఆవిడకి సెప్పినాడు. ఆవిడ నవ్వేసి నా బకెట్టు ముందు పెట్టించినాది. అప్పటినుంచి ఆవిడ పోయేదాకా ఇద్దరం ఎప్పుడు ఎదురుపడినా పలకరింపు అదే, “నా నా!”

ఇప్పుడు ఢిల్లీకి రా. సగం సభ కాలీ. బెంచీలన్నీ బోసిగా ఉన్నాయి. పెద్దాయన తల కూడా ఎత్తకుండా, ఈ బిల్లు కావాలన్నోల్లు “హా” అనండి, అన్నాడు. అవతలోల్లు “హా!” అన్నారు, బల్లలు దడదడలాడించినారు. తరవాత అన్నాడు, ఇందీలో, నాకు బాగా తెలిసిన ఇందీలో: వొద్దన్నోల్లు “నా” అనండి.

ఒక్క గొంతు లేదు.

నాను సూసినాను. ఈ పక్క సూసినాను, ఆ పక్క సూసినాను. ఎవడూ లేడు. అడిగినోడికి జవాబు సెప్పకపోతే తప్పు కాదేటే? అదీ నా ఇంటి గురించి అడుగుతుంటే! లేచి నిలబడి, కుళాయి కాడ అన్న గొంతుతోనే, “నా!” అన్నాను.

ఏటనుకున్నావు, ఆ మేడ మోగిపోనాది. నిద్దరోతన్నోడు లేచినాడు. పెద్దాయన మొదటిసారి తలెత్తి పైకి సూసినాడు. అప్ప నా సీర కుచ్చిల్లు పట్టుకుని “కూకోయే, కూకోయే, నీ కాల్లు పట్టుకుంటాను” అని ఏడుపు. నాను కూకోలేదు. కిందోల్లెవరూ కూకోలేదు కదా, నానెందుకు కూకోవాల?

కాపలా ఆడోల్లు ఇద్దరొచ్చి రెక్కలు పట్టుకున్నారు. ఒక గదిలోకి తీసుకెల్లి కుర్చీ ఏసినారు. కాకీ సీర కట్టుకున్న ఆపీసరమ్మొచ్చి “నారా లగాయా?” అన్నాది. నారా అంటే ఇందీలో నినాదం. “నారా కాదు తల్లీ, సగమే అన్నాను, నా అన్నాను” అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది గానీ మింగేసినాది.

“వొద్దని ఎందుకన్నావు? నువ్వు మెంబరువా?”

“వొద్దనలేదు. తెలుగులో అన్నాను. తెలుగులో నా అంటే మేరా.”

“ఏటి మేరా?”

“ఇల్లు.”

ఆవిడ కలం తీసినాది గానీ ఏటి రాయాలో తెలీలేదు. కాదంది అని రాయాలా, నాదంది అని రాయాలా? “రెండూ రాసుకో, నాకేటీ అబ్యంతరం లేదు” అన్నాను. సభ లేచిందాకా ఇక్కడే ఉండాలన్నాది. సభ లేచిందంటే అయిపోయిందనంట. సూడు ఇడ్డూరం, మనం లేస్తే పని మొదలెడతాం, ఆల్లు లేస్తే పని మానేస్తారు. తరవాత గేటు దాకా ఆవిడే తీసుకొచ్చి, మల్లీ రావొద్దని బెదిరించి, అప్ప వక్కముక్క గుర్తుపెట్టుకుని ఇప్పించినాది.

బిల్లు పాసయిపోనాది. దాచడమెందుకు, ఓడిపోనాం. నా ఒక్క గొంతు లెక్కలోకి రాదంట. రాకపోతే పోనీ. వొద్దన్నోల్లు ఎవరూ లేరని మాత్రం ఇంక ఎవడూ అనలేడు, అంటే నానొప్పుకోను.

ఇంటికొస్తే మీ నాన్న మండిపడ్డాడు. “అమ్మా, నా ఉద్యోగం కూడా డాకులోనే, మర్సిపోనావా?” అన్నాడు. ఊరవతల ఫ్లాటిస్తారంట కదా, లిఫ్టుంటాది, కుళాయి లోపలే ఉంటాది అన్నాడు. లిఫ్టెక్కి ఎక్కడికెల్తానురా, పైకా? అన్నాను. అక్కడ్నుంచి పొద్దుటి డూటీకి ఏ బస్సొస్తాదిరా అన్నాను. నీకూ వేరే గదొస్తాదని లోపల ఆశున్నాది. వొద్దులే, తల అడ్డంగా తిప్పకు, నీ మొహమే సెప్తంది. ఆశ తప్పు కాదు. మీ నాన్న అలుపూ తప్పు కాదు. కానీ ఆశ పడినోల్లని అడగాల కదా, ఏది కావాల అని. అడక్కుండానే ఇదే తీసుకో, పో అంటే ఎలగ?

రేపు డాకు ఆపీసోల్లొస్తన్నారు. గుమ్మం గుమ్మానికీ తిరిగి, ఫ్లాటుకెల్తారా, హా నా అని అడుగుతారంట. సూసినావా, మల్లీ అదే ప్రశ్న! ఈసారి నన్నడగరు. క్వార్టరు మీ నాన్న పేరు మీదున్నాది, కాబట్టి ఆడినే అడుగుతారు. ఆడు హా అంటే అయిపోనాది, మరక, గోడ, నానూ అన్నీ.

లైనంతా ఒక మాటనుకున్నాం. ఆలోసన ఎవరిదనుకున్నావు? అప్పది! బొద్దింక అప్పది! తెల్లారగట్ల ముగ్గు ఎలాగూ ఏస్తాం కదా, రేపు సుక్కలూ గీతలూ మానేసి ప్రతి గుమ్మం ముందూ “నా” అని ఏద్దాం అన్నాది. పైన బెంగాలీలో, కింద తెలుగులో. ఒచ్చిన బాబుకి పైది కాదని, మనకి కిందది నాదని. గుమ్మమెక్కాలంటే దాన్ని తొక్కాల. తొక్కమను సూద్దాం. పక్క గుమ్మం బిహారీ ఆవిడకి నువ్వే నేర్పాల, అచ్చరాన్ని సక్రం తిప్పినట్టు తిప్పేస్తంది. మన గుమ్మం ముందు మాత్రం ఇంకా ఏటీ అనుకోలేదు. మీ నాన్న పొద్దున్నుంచీ నాతో మాటాడ్డం లేదు. నానూ మాటాడ్డం లేదు. ఆడి గుమ్మం, ఆడి నోరు. నాను పెంచిన నోరే గానీ ఆడిది ఆడిదే. రేపు ఆ బాబొచ్చి ఇంటి యజమాని ఎవరని అడుగుతాడు, మీ నాన్న ముందుకొస్తాడు, వొచ్చి—

“అత్తా! కంచాలెట్టేసినాను, సేపల పులుసు సల్లారిపోతంది! ఈయనేమో ముగ్గుపిండి డబ్బా ఎక్కడున్నాదని అడుగుతన్నారు!”

వొస్తన్నానే! ముగ్గుపిండా? ఆడికెందుకే? మంచం కింద, బియ్యం డబ్బా ఎనక సూడమను! నువ్వు రాయడం ఆపకు, ఇంకొక్క ముక్కే. ఎక్కడున్నాం, మీ నాన్న ముందుకొస్తాడు, వొచ్చి ఆ బాబు మొహం సూసి—